కాస్త జరగండి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక కూర్చున్నవాళ్ళకి మైక్ వినపడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. ఆఁ, సరే. ముందు రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి చూశారా, ఎక్కడికెళ్ళినా ఇంతే, అవి పెద్దవాళ్ళకని ఎవరూ చెప్పకపోయినా మనమే వదిలేస్తాం, వదిలేసి అదేదో వినయం అనుకుంటాం, నన్నడిగితే అది మొహమాటం. (నవ్వులు) మొహమాటం వేరు, తగ్గింపు వేరు. మొహమాటంలో మన గురించే ఆలోచిస్తుంటాం, నన్నెవరు చూస్తున్నారు, ఏమనుకుంటారు అని. తగ్గింపు అయితే పక్కన నిలబడ్డవాడు కనిపిస్తాడు.

లూకా 14వ అధ్యాయం తియ్యండి. విశ్రాంతి దినం, ఒక పరిసయ్యుల అధికారి ఇల్లు, యేసుప్రభువు భోజనానికి వెళ్ళాడు. అక్కడ ఆయన రెండు మాటలు చెప్తాడు. 7 నుంచి 11 వచనాల దాకా ఒకటి, ఎవరైనా పిలిస్తే వెళ్ళి అగ్రపీఠం మీద కూర్చోకు, కడపటి చోట కూర్చో అని. 12 నుంచి 14 దాకా ఇంకోటి, నువ్వు విందు చేస్తే నీ స్నేహితుల్ని, చుట్టాల్ని, డబ్బున్న పొరుగువాళ్ళని కాదు, బీదల్ని, అంగహీనుల్ని, కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని పిలువు అని. మనం ఏం చేస్తామంటే మొదటి ముక్క తీసుకుని తగ్గింపు మీద ఒక ఆదివారం చెప్తాం, రెండో ముక్క దాచిపెట్టి బీదలకి సహాయం మీద ఇంకో ఆదివారం చెప్తాం, ఆ ఆదివారం కానుక కూడా కాస్త ఎక్కువ వస్తుంది. (నవ్వులు) నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. కానీ అది ఒకే ఇల్లు, ఒకే పూట, ఒకే బల్ల. మొదటి మాట పిలవబడి వచ్చినవాళ్ళకి, రెండో మాట పిలిచినాయనకి. రెండూ కలిపి చదవండి ఒకసారి. ఇంటాయన ప్రభువు మాట విని నిజంగానే బీదల్ని పిలిచాడనుకోండి, వాళ్ళు వచ్చారనుకోండి, వచ్చి చూస్తే కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి, మంచి చోట్లన్నీ ముందే పట్టేశారు, మరి వీళ్ళు ఎక్కడ కూర్చోవాలి? గోడకి ఆనుకుని నిలబడాలి. పిలుపు ఉంది గానీ చోటు లేదు. అందుకే ముందు కూర్చున్నవాళ్ళని జరగమన్నాడు, ఆ తర్వాతే కొత్తవాళ్ళని పిలవమన్నాడు. నాకు అర్థమైనంతలో తగ్గింపు అంటే అంతే, తల వంచుకోవడం కాదు, "నేనెందుకూ పనికిరానివాణ్ణి" అని ప్రార్థనలో పదిసార్లు అనడం కాదు, కాస్త జరగడం.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం కూడా కుర్చీల గొడవే కదా. బంగారు ఉంగరం పెట్టుకున్నాయన వస్తే "ఇక్కడ మంచి చోట కూర్చోండి", మురికి బట్టలాయన వస్తే "నువ్వక్కడ నిలబడు, లేదా నా పాదపీఠం దగ్గర కూర్చో". గమనించారా, ఆ రెండోవాణ్ణి ఎవరూ వెళ్ళగొట్టలేదు. లోపలికి రానిచ్చారు. చోటు కూడా చూపించారు. మనం కూడా అదే అంటాం, మా సంఘంలోకి ఎవరైనా రావచ్చండి, మేం ఎవర్నీ ఆపం అని. ఆపకపోవడం గొప్పేం కాదు, గేటు తీసి ఉంటే ఎవరైనా వస్తారు. యాకోబు అడిగేది లోపలికి వచ్చాక ఎక్కడ కూర్చోబెట్టావని.

ఇంకో విషయం, ఇది కొంచెం ఘాటుగా ఉంటుంది, ఏమనుకోకండి. తగ్గించుకో అనే ప్రసంగం మనం ఎవరికి చెప్తున్నాం? ఎక్కువసార్లు ఆల్రెడీ కింద ఉన్నవాడికే. జీతం అడిగినవాడికి తగ్గించుకో, ఇంట్లో దెబ్బలు తింటున్నామెకి తగ్గించుకో తల్లీ, కమిటీలో లెక్కలు అడిగిన కుర్రాడికి తగ్గింపు నేర్చుకో నాయనా. ఫిలిప్పీ రెండో అధ్యాయం చదివితే అది ఎక్కడ మొదలవుతుంది? దేవుని స్వరూపం కలిగినవాడై ఉండి, అక్కణ్ణుంచి మొదలవుతుంది, ఆ పైనుంచి దిగి తన్ను తానే రిక్తునిగా చేసుకున్నాడు, దాసుని స్వరూపం ధరించుకున్నాడు. దిగడానికి మెట్లు ఉన్నవాడు దిగాడు. కింద నేల మీద కూర్చున్నవాణ్ణి ఇంకా దిగమంటే గొయ్యి తవ్వాల్సిందే. పౌలు రాసిన గ్రీకు భాషలో ఈ దీనమనస్సుకి మూలమైన మాట టపైనోస్, ఆ రోజుల్లో అది మెచ్చుకునే మాట కాదు, నీచంగా ఉన్నవాణ్ణి, బానిసలాంటివాణ్ణి అనే మాట, పెద్దమనుషులు తమ గురించి చెప్పుకునే మాటే కాదు. ఆ మాట తీసుకెళ్ళి క్రీస్తు పక్కన పెట్టారు తొలి సంఘంవాళ్ళు. అది వింటే పైనున్నవాడు ఉలిక్కిపడాలి, కిందున్నవాడికి ఊపిరాడాలి. మన దగ్గర రివర్స్ అయిపోయింది.

సరే, నా సంగతి ఒకటి చెప్తాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

నేను పరిచర్యలో కొత్తగా ఉన్నప్పుడు మా సహవాసానికి ఒక తమ్ముడు వచ్చేవాడు, యాక్సిడెంట్లో నడుం కింద నుంచి స్పర్శ పోయింది, వీల్‌చైర్. మా హాలుకి మూడు మెట్లు. ప్రతి ఆదివారం మా యౌవనస్థులు నలుగురు వెళ్ళి వీల్‌చైర్‌తో సహా ఎత్తి లోపల పెట్టేవాళ్ళు, మళ్ళీ అయిపోయాక ఎత్తి కింద పెట్టేవాళ్ళు. మాకు అదంటే ఎంత గర్వమో, పక్షవాతంవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దింపారు కదా మార్కు సువార్తలో, మేం ఆ నలుగురం అన్నట్టు ఉండేవాళ్ళం, నేనైతే ఒకసారి ప్రసంగంలో అతన్ని చూపించి మరీ చెప్పాను. ఒక ఏడాది వచ్చాడు. తర్వాత మానేశాడు. నేను ఒక నెల పట్టించుకోలేదు, పట్టించుకోలేదనే చెప్తున్నా, తర్వాత వాళ్ళింటికి వెళ్ళి ఏం తమ్ముడూ విశ్వాసం సన్నగిల్లిందా అని అడిగాను, చూడండి నా ప్రశ్న. అతను చాలా నిదానంగా అన్నాడు, "అన్నా, మీరు నన్ను సంవత్సరం పాటు ఎత్తుకెళ్ళారు, నేను ఒక్కసారి కూడా రాలేదు."

నాకు అర్థం కాలేదు ముందు. అతనే చెప్పాడు, ఆలస్యంగా రావాలన్నా కుదరదు, మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నలుగురిని లేపాలి, బయటికి వెళ్ళి ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడదామన్నా కుదరదు, ఎత్తేటప్పుడు ఎవరి చెయ్యి ఎక్కడ తగులుతుందో తెలీదు, పైగా ప్రతివాడూ దించాక భుజం తట్టి దేవుడు నిన్ను దీవిస్తాడు తమ్ముడూ అని వెళ్ళిపోతాడు, కూర్చుని మాట్లాడేవాడు లేడు. ఏడాదిలో ఏ ఒక్క పని కూడా చెయ్యమని నన్నెవరూ అడగలేదన్నా అన్నాడు. అతను అకౌంట్స్ చదువుకున్నాడు. మా కానుక లెక్కలు చూసే పెద్దాయన కళ్ళు సరిగా కనపడక నెలకోసారి తప్పు కూడేవాడు. (నవ్వులు) ఇద్దరూ ఒకే హాల్లో ఏడాది కూర్చున్నారు.

ఇంటికొచ్చి పశ్చాత్తాపపడ్డాం, పడి ఏం చేశామంటే తొందరపడి ర్యాంప్ కట్టేశాం. శనివారం ఒక్క రోజులో, చెక్కలు తెచ్చి, అయిదడుగుల పొడవులో, అతన్ని అడగకుండా. సర్‌ప్రైజ్ అన్నమాట. ఆదివారం అందరూ చుట్టూ నిలబడ్డారు చప్పట్లు కొడదామని, అతను చక్రాలు తోసుకుంటూ సగం ఎక్కాడు, ముందు చిన్న చక్రాలు గాల్లోకి లేచి కుర్చీ వెనక్కి పడబోయింది, ఎవరో పట్టుకోబట్టి సరిపోయింది గానీ తల పగిలేది. అప్పుడు అతనే చెప్పాడు లెక్క, ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నా అని. మా మెట్లు ఒక్కోటి ఆరంగుళాలు, మూడు కలిపి ఒకటిన్నర అడుగు, అంటే పద్దెనిమిది అడుగులు కావాలి, మేం కట్టింది అయిదు. ఆ పద్దెనిమిది అడుగులు పెట్టాలంటే ముందు బండ్లు పెట్టుకునే జాగా పోతుంది. అక్కడ మొదలైంది అసలు గొడవ! ఎత్తడానికి నలుగురు దొరికారు, బండి పక్క వీధిలో పెట్టుకుని నడవడానికి మాత్రం చాలామందికి కష్టమైంది. ఒకాయన నాతో అన్నాడు, ఒక్కడి కోసం ఇంతా అని. నేను అప్పుడు ఏం జవాబు చెప్పలేదు. ఇప్పుడైతే తొంభైతొమ్మిది గొర్రెల్ని వదిలేసి వెళ్ళిన కాపరి సంగతి గుర్తు చేసేవాణ్ణి, తర్వాత తోచే జవాబులు ఎప్పుడూ బాగుంటాయి.

ఆ దెబ్బ తర్వాత నేను సువార్తలు మళ్ళీ చదివాను. మార్కు పదో అధ్యాయంలో బర్తిమయి ఉన్నాడు, గుడ్డివాడు, దారి పక్కన భిక్షం అడుక్కుంటూ. కేకలేస్తే జనం ఊరుకోమని గద్దించారు. ప్రభువు నిలబడి, తానే అతని దగ్గరికి వెళ్ళొచ్చు కదా, వెళ్ళలేదు, "వానిని పిలువుడి" అన్నాడు. ఎవరితో అన్నాడు? ఆ జనంతోనే. నోరు మూయించినవాళ్ళ చేతే పిలిపించాడు, నాకు ఆ మాట చాలా ఇష్టం. అతను వచ్చాక అడిగాడు, నేను నీకేం చెయ్యాలని కోరుకుంటున్నావు? గుడ్డివాడు, ఏం కావాలో తెలీదా? తెలుసు. తెలిసీ అడిగాడు. మేం తెలీకపోయినా అడగలేదు.

బావి దగ్గర సమరయ స్త్రీతో చూడండి, నాకు దాహమునకిమ్ము, అదే మొదటి మాట. ఇవ్వడంతో మొదలుపెట్టలేదు, అడగడంతో మొదలుపెట్టాడు. చేద లేనిది ఆయనకి, కుండ ఉన్నది ఆమెకి. పన్నులు వసూలు చేసే జక్కయ్య దగ్గర కూడా అంతే, మా ఇంటికి రా అనలేదు, నేడు నేను నీ ఇంట ఉండాలి అన్నాడు. ఊరంతా అసహ్యించుకునేవాణ్ణి ఆ పూట ఇంటి యజమానిని చేశాడు, తను అతిథి అయ్యాడు. మనకి ఇవ్వడం వచ్చు, తీసుకోవడం రాదు. పేతురుకి కూడా రాలేదు, యోహాను 13లో ప్రభువు పళ్ళెంలో నీళ్ళు పోసుకుని తువ్వాలు కట్టుకుని వస్తే నా పాదాలు ఎన్నడూ కడగొద్దన్నాడు. అది వినయంలాగే ఉంటుంది వినడానికి. కడగడం కంటే కడిగించుకోవడమే కష్టం, ఎందుకంటే కడిగేటప్పుడు మనం చేస్తున్నట్టు ఉంటుంది, కడిగించుకునేటప్పుడు మన మురికి ఎదుటివాడి చేతిలో ఉంటుంది.

అపొస్తలుల కార్యాలు 6 ఎంతమంది జాగ్రత్తగా చదివారో నాకు తెలీదు, అక్కడ ఒక పెద్ద పని జరిగింది, చప్పుడు లేకుండా. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్ళని చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. హెబ్రీయులదే, అంటే అక్కడి భాష మాట్లాడే యూదులదే అక్కడ మెజారిటీ, అపొస్తలులు అందరూ వాళ్ళే. మనమైతే ఏం చేస్తాం? ఇకనుంచి మేం జాగ్రత్తగా ఉంటాం అని అనౌన్స్ చేస్తాం. వాళ్ళు ఏడుగురిని ఏర్పరిచారు. పేర్లు చదవండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ వైపునుంచే తీసి ఏడుగురి చేతుల్లో గరిటె పెట్టేశారు, అందరి విధవరాళ్ళకీ వడ్డించే గరిటె, హెబ్రీయుల విధవరాళ్ళతో సహా. దాని ఫలితం ఎక్కడిదాకా వెళ్ళిందో రెండు అధ్యాయాల తర్వాత ఉంది. ఆ ఏడుగురిలో ఫిలిప్పే సమరయకి వెళ్ళాడు, ఫిలిప్పే గాజాకి పోయే దారిలో ఐతియొపీయుడైన నపుంసకుడి రథం ఎక్కాడు. ద్వితీయోపదేశకాండం 23 ప్రకారం అలాంటివాడికి సమాజంలో ప్రవేశం లేదు, యెషయా 56 మాత్రం అతనికి చోటు ఇస్తానంటుంది, అతను చదువుతున్నదీ యెషయానే, కాకపోతే 53. నీళ్ళు కనపడగానే అడిగాడు, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి ఆటంకమేంటి అని. జీవితమంతా ఆటంకాలు చూసినవాడు వేసే ప్రశ్న అది. ఫిలిప్పు రూల్ వెతకలేదు, నీళ్ళలోకి దిగాడు.

చరిత్రలోంచి ఒక మనిషి, ఎందుకంటే ఇక్కడ పెంతెకొస్తు సంఘాలవాళ్ళు చాలామంది ఉన్నారు, మీ తాతగారి కథ లాంటిది ఇది. విలియం సేమూర్, నల్లజాతివాడు, బానిసలుగా బతికినవాళ్ళ కొడుకు, ఒక కన్ను కనపడదు. అమెరికాలో హ్యూస్టన్ అనే ఊళ్ళో 1905, 06 ప్రాంతంలో చార్లెస్ పర్హామ్ అనే తెల్లజాతి బోధకుడు బైబిల్ స్కూల్ నడిపేవాడు. నల్లవాళ్ళు తెల్లవాళ్ళతో కలిసి క్లాసులో కూర్చోకూడదు. సేమూర్‌ని వసారాలో కూర్చోమన్నారు, తలుపు కాస్త తీసి ఉంచుతాం విను అన్నారు. విన్నాడు. వసారాలోంచే విన్నాడు. 1906 ఏప్రిల్ నాటికి లాస్ ఏంజెలెస్‌లో ఆ మనిషి చుట్టూ జనం పోగయ్యారు, అజూసా స్ట్రీట్‌లో ఒక పాడుబడ్డ బిల్డింగ్, చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి పుల్పిట్, అతను చాలాసేపు ఆ పెట్టెలో తల పెట్టుకుని ప్రార్థన చేసేవాడట. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు, పనిమనుషులు, చదువుకున్నవాళ్ళు, అందరూ ఒకే నేల మీద మోకరించారు, ఆ రోజుల్లో ఆ దేశంలో అది మామూలు సంగతి కాదు. ఆ అక్టోబరులో పర్హామ్ గారు వచ్చి చూశారు. వసారాలో కూర్చోబెట్టిన శిష్యుడి దగ్గరికి గురువు వచ్చాడు. చూసి, జాతులు అలా కలిసిపోవడం నచ్చలేదు ఆయనకి, మండిపడ్డాడు. ఇవాళ ప్రపంచంలో కోట్లమంది పెంతెకొస్తు విశ్వాసులు ఆ అజూసా స్ట్రీట్‌ని తలుచుకుంటారు, ఆ క్లాస్‌రూమ్ లోపలి బెంచీల మీద ఎవరు కూర్చున్నారో అడిగితే చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

దామియెను ఫాదర్ గురించి మీకు తెలిసే ఉంటుంది, 1873లో హవాయిలో మొలోకయి ద్వీపానికి, కుష్ఠు ఉన్నవాళ్ళని వెలివేసినట్టు ఉంచే చోటుకి వెళ్ళాడు, పదహారేళ్ళు ఉండి అదే జబ్బుతో 1889లో చనిపోయాడు. ఆయన వెళ్ళిన ఏడాదే అన్నకి ఉత్తరం రాశాడు, నేను ప్రసంగంలో సహోదరులారా అనను, "మనం కుష్ఠురోగులం" అంటాను అని. జబ్బు బయటపడింది దాదాపు పదేళ్ళ తర్వాత. అంటే మనం అనే మాట ముందు వచ్చింది, మచ్చ తర్వాత వచ్చింది. మన ప్రార్థనల్లో "వాళ్ళ కొరకు" అని ఎన్నిసార్లు అంటామో ఈసారి గమనించండి.

ఇంకొకాయన పేరు చెప్పకుండా ఉంటే నాకు తేలిక, కానీ చెప్పాలి. జాన్ వనియే. 1964లో ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఇంట్లో మానసిక వైకల్యం ఉన్న ఇద్దరితో కలిసి కాపురం పెట్టాడు, సేవ చెయ్యడం కాదు, కలిసి బతకడం. దానికి లార్ష్ అని పేరు, అంటే ఓడ, నోవహు ఓడ. ఇవాళ 30కి పైగా దేశాల్లో అలాంటి ఇళ్ళున్నాయి. నేను ఆయన మాటలు ఎన్నో ప్రసంగాల్లో వాడాను. 2019లో చనిపోయాడు. 2020లో లార్ష్ వాళ్ళే వేయించిన విచారణలో బయటపడింది, ఆయన ఆత్మీయ సలహా పేరుతో ఆరుగురు స్త్రీలని లైంగికంగా వాడుకున్నాడని. 2023 రిపోర్ట్‌లో ఆ లెక్క కనీసం ఇరవై అయిదు. నాకు చాలా రోజులు బుర్ర పని చెయ్యలేదు. ఇప్పుడు నాకు ఒకటి అనిపిస్తుంది, ఒక మనిషికి వినయవంతుడు అనే పేరు గట్టిగా వచ్చాక అతన్ని ఎవరూ లెక్క అడగరు. లెక్క అడిగేవాడు లేని తగ్గింపు నమ్మదగ్గది కాదు, నాది కూడా. లార్ష్ వాళ్ళు స్థాపకుణ్ణి కాపాడుకోకుండా తమంతట తామే బయటపెట్టారు చూడండి, అది తగ్గింపు అంటాను నేను.

అలాగే అందర్నీ చేర్చుకోవడం అంటే తలుపులన్నీ తీసేసి కళ్ళు మూసుకోవడమూ కాదు. జైలు నుంచి వచ్చిన మనిషిని చేర్చుకోవాలి, అతని నేరం పిల్లల మీద అయితే సండే స్కూల్ వైపు పంపకూడదు, రెండూ చెయ్యాలి, అతనికి మొహం మీదే చెప్పి చెయ్యాలి. మానసిక జబ్బు ఉన్నామె మధ్యలో లేచి మాట్లాడితే ఆమెని బయటికి లాక్కెళ్ళడం ఒక పద్ధతి, వెళ్ళి పక్కన కూర్చోవడం ఇంకో పద్ధతి, మందులు వేసుకుందా అమ్మా అని ఇంట్లోవాళ్ళని అడగడం కూడా ప్రేమే, దయ్యం పట్టిందని మీద పడడం మాత్రం కాదు. ఇవన్నీ చేస్తే మన ఆరాధన టైముకి అవ్వదు. పాట మధ్యలో ఆగుతుంది. లైవ్‌లో బాగా కనపడదు. పర్వాలేదు.

టైమ్ అయిపోయిందని పాస్టర్ గారు వాచీ చూసుకుంటున్నారు, ఒక్క నిమిషం.

ఆ తమ్ముడు మళ్ళీ వచ్చాడు. పద్దెనిమిది అడుగుల ర్యాంప్ కట్టాం, బండ్లు పక్క వీధిలోకి వెళ్ళాయి, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా మెట్లు మానేసి అటే ఎక్కుతున్నారు. లెక్కలు అతనే చూస్తాడు, నా ఖర్చుల బిల్లులు రెండుసార్లు వెనక్కి పంపాడు. (నవ్వులు) మొన్నామధ్య ఆరాధన మొదలయ్యే ముందు నేను ముందు వరుసలో కూర్చుని నోట్స్ చూసుకుంటున్నా, పక్క కుర్చీలో నా బైబిల్, దాని మీద ఫోన్, దాని పక్క కుర్చీలో నా బ్యాగు. ఎవరో కొత్తగా వచ్చిందట, ఒకామె, వెనక తలుపు దగ్గర అరగంట నుంచి నిలబడే ఉందట, నేను చూడలేదు. చక్రాల చప్పుడు వినపడింది. అతను ఆమెని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చి ఆగాడు, అప్పటికి హాలంతా నిండిపోయింది.

"అన్నా, ఆ బ్యాగు తీసి కాస్త జరుగు" అన్నాడు.